కండక్టర్ డ్యూటీ, పల్నాడు ఎండ, కిడ్నీలో రాయి

ఎండలు ముదిరాయంటే మా పల్నాడులో రెంటచింతల పేరు వార్తల్లోకి వస్తుంది. ఆ దారిలోనే నేను బస్సు కండక్టరుగా పనిచేస్తాను. మధ్యాహ్నం ట్రిప్పులో కిటికీలోంచి సెగ కొడుతుంది. అయినా మా ఆడ కండక్టర్లు చాలామంది గొంతు తడుపుకుని ఊరుకుంటారు. తాగితే మధ్యలో ఎక్కడికి పోవాలి? బస్సు ఆగే చోట బాత్రూంకి తాళం వేసి ఉంటుంది, లేదంటే లోపల కాలు పెట్టలేం.

పోయిన వేసవిలో రోహిణి కార్తె ఇంకా రాకముందే ఒక తెల్లవారుజామున ఎడమ పక్క నడుములో నొప్పి మొదలై పొత్తికడుపులోకి దిగింది. కూర్చోలేను, పడుకోలేను, వాంతులు ఆగవు. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని. ఆ నొప్పులు మధ్యమధ్యలో కాస్త తెరిపి ఇచ్చేవి, ఇది అదీ ఇవ్వలేదు. మూత్రం ఎర్రగా వచ్చేసరికి మా ఆయన ఆటో పిలిచారు.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ పడ్డాక ప్రాణం కుదుటపడింది. స్కానింగ్‌లో కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్ళే గొట్టంలో 4 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. 5 మిల్లీమీటర్ల లోపువి చాలావరకు వాటంతట అవే పడిపోతాయని చెప్పి డాక్టర్ గారు మాత్రలు రాశారు. నొప్పితో పాటు చలిజ్వరం వస్తే మాత్రం ఆ క్షణమే రమ్మన్నారు. టీ వడగట్టే జల్లెడ ఒకటి పక్కన పెట్టుకుని, మూత్రం వడగట్టి చూసుకుంటూ ఉంటే చివరికి రాయి పడింది. పరీక్షలో అది కాల్షియం ఆక్సలేట్, అంటే కాల్షియం, ఆక్సలేట్ అనే పదార్థం కలిసి కట్టిన రాయి అని వచ్చింది.

చెమట ఎక్కువ పోతే మూత్రం తగ్గి చిక్కబడుతుంది, అందులోని లవణాలు గడ్డకడతాయి. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువట. "పెరుగు మానెయ్యమ్మా, సున్నం కదా" అంది మా అత్తయ్య. డాక్టర్ గారేమో పాలు, పెరుగు మానొద్దన్నారు. భోజనంతో పాటు తిన్న కాల్షియం, తిండిలోని ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుందట. తగ్గించమన్నది ఆక్సలేట్ ఎక్కువుండే పాలకూర, అన్నిటికంటే ముఖ్యంగా ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలట. కొత్త ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు ఉన్న ఇంట్లో వేసవిలో అది ఎంత కష్టమో మీకు తెలుసు. ఆవకాయ మానలేదు. ముద్దపప్పులోకి కొంచెం అంతే, మిగతా కూరల్లో ఉప్పు సగం చేశాను.

నీళ్ళ సంగతికి వస్తే, ఎన్ని తాగామన్నది కాదు, రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం రావాలన్నారు. కొలవక్కర్లేదు, రంగు పలచగా ఉందో లేదో చూసుకుంటే తెలిసిపోతుంది. నేను స్టేజీల లెక్క పెట్టుకున్నాను. గురజాల దాటేలోపు సీసాలో సగం, పిడుగురాళ్ళ చేరేసరికి మిగతాది. మధ్యాహ్నం నిమ్మకాయ నీళ్ళు, చక్కెర లేకుండా. దారిలో ఏ పెట్రోల్ బంకులో బాత్రూం శుభ్రంగా ఉంటుందో, ఏ హోటల్‌వాళ్ళు అడిగితే తాళం ఇస్తారో తెలుసుకుని పెట్టుకున్నాను. "అన్నా, ఇక్కడ ఐదు నిమిషాలు" అంటే మా డ్రైవర్లెవరూ కాదనలేదు. అలా అడగడానికే మొదట్లో టెన్షన్‌గా ఉండేది.

డ్యూటీ ఉన్న రోజుకంటే సెలవు రోజే అలవాటు తప్పుతుంది. పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ పూట గడిచిపోతుంది. అందుకే వంట మొదలుపెట్టేటప్పుడే సీసా గట్టు మీద పెడతాను. మా అత్తయ్యకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఆమెకు గుండె జబ్బు, డాక్టర్లు నీళ్ళకు కొలత పెట్టారు.

ఈ వేసవి స్కానింగ్‌లో కొత్త రాయి లేదు. మాతోపాటు ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన అమ్మాయికి నా బాత్రూంల జాబితా మొత్తం చెప్పాను. బస్టాండులో ఆడవాళ్ళ బాత్రూం పగలంతా తెరిచి ఉంచాలని, అందులో నీళ్ళు రావాలని మేమంతా కలిసి రాసిచ్చాం. జవాబు కోసం మళ్ళీ వెళ్ళి అడుగుతాం.