నాన్న డైరీలో పది రూపాయలు

ఆదివారం, రాత్రి పదిన్నర. అందరూ పడుకున్నారు. సాయంత్రం వాన పడి బాల్కనీలో బట్టలు ఆరలేదు, హాల్లో ఫ్యాను కింద కుర్చీల మీద వేశాను. డైనింగ్ టేబుల్ మీద ఒక మూల ఖాళీ చేసుకుని ఇది రాస్తున్నాను, పెన్నుతో, మా అబ్బాయి పాత లెక్కల నోట్సులో వెనక మిగిలిన పేజీల్లో. ఇంతింత పెన్నుతో రాసి చాలా ఏళ్ళైంది, అప్పుడే బొటనవేలు లాగుతోంది.

అమ్మ తణుకు నుంచి వచ్చి పది రోజులైంది. ఎప్పుడొచ్చినా ఆవకాయ, కొబ్బరి ఉండలు, పెరట్లో కరివేపాకు ఉండాల్సిందే. ఈసారి వాటితో పాటు తాడుతో కట్టిన అట్టపెట్టె ఒకటి తెచ్చింది. ఇంటికి రంగులు వేయిస్తూ అటక దులిపిస్తే దొరికిందట. "మీ నాన్నగారి డైరీలే. పాత పేపర్లవాడికి వెయ్యడానికి చెయ్యి రాలేదు, నీ దగ్గరుంచుకో" అంది. ఈ పది రోజులూ అది చెప్పుల స్టాండు పక్కనే ఉంది. నాన్న పోయి మూడేళ్ళు దాటింది, అయినా ఆయన దస్తూరీ చూడాలంటే నాకు ఇంకా ధైర్యం కూడగట్టుకోవాలి. ఇవాళ విప్పాను.

ఇవాళే ఎందుకంటే, పొద్దున కాఫీ తాగుతూ ఫోన్లో నా డైరీ తెరుద్దామని చూస్తే అది లేదు. నాన్న పోయిన నెలకి ఒక డైరీ యాప్ వేసుకున్నాను, అప్పటి నుంచి రోజూ పడుకునే ముందు నాలుగు ముక్కలు రాసేదాన్ని. ఆ కంపెనీవాళ్ళు సర్వీసు ఆపేస్తున్నామని, ఫలానా తేదీలోపు ఎవరి రాతలు వాళ్ళు డౌన్‌లోడ్ చేసుకోవాలని మెయిల్ పంపారు. అది నేను ఎప్పుడో రిజిస్టర్ చేసిన పాత ఐడీకి వెళ్ళింది, ఆ ఐడీ తెరిచి ఏడాది అయ్యుంటుంది. గడువు దాటి పంతొమ్మిది రోజులు. లాగిన్ అయితే తెల్లటి స్క్రీను, మధ్యలో ఇన్నాళ్ళూ మాతో ఉన్నందుకు ధన్యవాదాలు అని ఒక్క వాక్యం. ఫోన్ రెండుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశాను, ల్యాప్‌టాప్‌లో చూశాను, పాత ఫోన్ చార్జింగ్ పెట్టి అందులో చూశాను. లేదు. వంటింట్లోకి వెళ్ళి పప్పు కడుగుతుంటే అమ్మ నా మొహం చూసి ఏమైందే అంది. చెప్తే ముందు అర్థం కాలేదు. కాసేపాగి "అంటే పుస్తకం పోయిందా?" అంది.

అవునమ్మా, పుస్తకం పోయింది.

పెద్ద విషయాలు నాకు గుర్తున్నాయి. అమ్మ కంటి ఆపరేషన్, ఈ ఇంటికి మారడం, పిల్లాడికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయిన వారం, అవి రాసుకోకపోయినా ఎక్కడికీ పోవు. పోయినవన్నీ చిన్నవి. వాడు మొదటిసారి ఒక్కడే లిఫ్టులో కిందికెళ్ళి పెరుగు ప్యాకెట్టు తెచ్చిన రోజు, తలుపు తీయగానే ఏదో అన్నాడు, నేను అప్పటికప్పుడు రాసిపెట్టుకున్నాను. రాసుకున్న సంగతి గుర్తుంది, వాడన్న మాట గుర్తు లేదు. వాణ్ణి అడిగితే వాడికీ గుర్తు లేదు. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు తవ్వి చూశానో.

ఆ యాప్ రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి గంట కొట్టేది. వరుసగా ఎన్ని రోజులు రాశానో పైన ఒక అంకె చూపించేది, ఒక దశలో 212 దాకా వెళ్ళింది. రైల్లో సిగ్నల్ లేక ఒక్క రోజు తప్పిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలైతే నిజంగా బాధపడ్డాను. ఆ అంకె పడిపోకూడదని "ఇవాళ విశేషం లేదు" అని రాసిన రాత్రులు ఎన్నో. విశేషం లేని రోజు ఎలా ఉంటుందో నాన్న డైరీ చూశాక అర్థమైంది.

పెట్టెలో పదకొండు డైరీలున్నాయి. ఎల్‌ఐసీ ఏజెంటు ఇచ్చినవి, ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చినవి, ఒకటి బ్యాంకుది. అన్నీ ఆ గోధుమరంగు రెగ్జిన్ అట్టలే, మొదటి పేజీల్లో ఎస్టీడీ కోడ్లు, సెలవుల జాబితా, ప్రతి పేజీ మూలా తిథి. నాన్న స్కూలు టీచరు, కానీ రాత మాత్రం పొదుపు. పేజీకి రెండు మూడు లైన్లు, నీలం రీఫిల్, సున్నాలు గుండ్రంగా మూసేసి. జెమ్ క్లిప్పు పెట్టిన చోట తుప్పు కాగితం మీద క్లిప్పు ఆకారంలోనే దిగింది. 1999 డైరీ పైనే ఉంది, అది తీశాను.

"మే 17. కూరలు 22. గ్యాస్ బుక్ చేశాను. ఎస్టీడీ 34 (విశాఖ). కం. సెంటర్ 15."

"మే 29. రేడియో బ్యాటరీలు. కార్గిల్ వార్తలు. రాత్రి కరెంటు లేదు, డాబా మీద పడక."

"ఆగస్టు 11, బుధ. సాయంత్రం గ్రహణం. పిల్లని బయటికి రానివ్వలేదు. స్నానాలయ్యాక వంట, ఆలస్యం."

ఇంతే. ఎక్కడా సంతోషమని లేదు, దిగులని లేదు. అయినా "డాబా మీద పడక" అన్న రెండు ముక్కలు చదవగానే ఆ రాత్రి మొత్తం వచ్చేసింది, బకెట్టుతో నీళ్ళు చల్లితే పగలంతా కాగిన సిమెంటు నుంచి లేచే ఆవిరి, చాప అంచు మోచేతికి గుచ్చుకోవడం, నాన్న ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని మాకు నిద్ర చెడకూడదని సౌండు తగ్గించడం. అక్టోబరులో మా నానమ్మ పోయారు. అక్కడి నుంచి నలభై రోజుల పైనే పేజీలన్నీ ఖాళీ, ఆ తర్వాత ఒక రోజు "పాలు, కూరలు 31" అని మళ్ళీ మొదలు. ఎందుకు రాయలేదని ఆయన్ని ఏ గంటా అడగలేదు.

కం. సెంటర్ అంటే కంప్యూటర్ సెంటర్. టెన్త్ పరీక్షలైన సెలవుల్లో నన్ను చేర్పించారు. జిరాక్సు షాపు పైన మేడగది, నాలుగు కంప్యూటర్లు, వాటికి దుమ్ము పడకూడదని మాచేత చెప్పులు మెట్ల దగ్గరే విప్పించేవాళ్ళు. గంటకి పదిహేను. డాస్ కమాండ్లు నేర్పారు, వర్డ్‌స్టార్ నేర్పారు, ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పక్క సిస్టమ్ మీద ఒకబ్బాయి గేమ్స్ ఫోల్డర్‌లోకి వెళ్ళి ప్రిన్స్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టాడు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే ఆట తెరుచుకుంది. తెల్ల పైజామా వేసుకున్న మనిషి గోడ అంచు పట్టుకుని వేలాడుతూ పైకి లాక్కున్నాడు, అచ్చం మా వీధిలో పిల్లలు గోడ ఎక్కినట్టే, ఆ బరువు కనిపించింది. నేను ఇంటికి వెళ్ళాక కూడా అదే చూస్తున్నాను.

జూన్ మొదటి వారం నుంచి నాన్న లెక్క మారింది. "కం. సెంటర్ 15, ప్రింటు 10." నేనే అడిగాను, ప్రింట్లు తీసుకోవాలని. అబద్ధం. ఆ పదికి ఇంకో నలభై నిమిషాలు ఆడుకోనిచ్చేవాళ్ళు. నాలుగు రోజులు అలాగే ఉంది. జూన్ 9 దగ్గర ప్రింటు అన్న మాట ఒక అడ్డగీతతో కొట్టేసి, పైన చిన్నగా "ఆట" అని రాశారు. ఆ పక్క రోజు నుంచి కొట్టివేతలు కూడా లేవు. కం. సెంటర్ 15, ఆట 10. కం. సెంటర్ 15, ఆట 10. జీతాలు రాని నెలాఖరు రోజుల్లో కూడా.

డైరీ తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి అంతా గుర్తుంది. "ఆ సెంటరబ్బాయి మీ నాన్నగారి దగ్గర చదువుకున్నవాడేగా, టీ కొట్టు దగ్గర చెప్పేశాడు. నీకు నాలుగు చీవాట్లు పెట్టమన్నాను నేను. ఆయనేమో, అబద్ధమాడినా అడిగింది మననేగా, ఇవ్వకపోతే ఇంకెవర్నో అడుగుతుంది, ఆడుకోనీ అన్నారు." ఇన్నేళ్ళూ ఆ పది రూపాయల సంగతి ఆయనకి తెలీదనే అనుకున్నాను. ఒక్కసారి కూడా అనలేదు నాతో. పెళ్ళప్పుడు కూడా, ఉద్యోగం వచ్చినప్పుడు కూడా.

ఆ ఆట చేసిన జోర్డాన్ మెక్నర్ కూడా డైరీ రాసేవాడని చాలా కాలం తర్వాత తెలిసింది. 1985లో కాలేజీ నుంచి బయటికి వచ్చి మొదలుపెట్టి 1989లో విడుదల చేసేదాకా, ఇక మానేద్దామనుకున్న నెలలతో సహా, పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చాడు. ఆ డైరీలు తర్వాత అచ్చయ్యాయి. తన తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు వేసి ఒక పార్కింగ్ స్థలంలో పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ బొమ్మగా దించుకున్నాడు. నేను చూసిన ఆ బరువు నిజంగా ఒక మనిషిదే. ఆ ఆట మొదట తయారైన ఆపిల్ టూ కంప్యూటర్లో మెమరీ నిండిపోయి కొత్త శత్రువు బొమ్మకి చోటు లేకపోతే, రాకుమారుడి బొమ్మనే కొద్దిగా జరిపి దాని మీదే వేసి నీడమనిషిని పుట్టించాడు. నాలుగో లెవెల్లో అద్దంలోంచి దూకితే అవతలి వైపుకి వాడు బయటపడతాడు. చివర్లో ఆ నీడ ఎదురొస్తుంది, వాణ్ణి కొడితే దెబ్బ మనకే తగులుతుంది. కత్తి ఒరలో పెట్టి నడుచుకుంటూ వెళ్తే ఇద్దరూ ఒకటైపోతారు. పదిహేనేళ్ళప్పుడు అది కనిపెట్టడానికి నాకు చాలా పది రూపాయలు పట్టింది.

ఆ ఆటలో సంగీతం కట్టింది మెక్నర్ వాళ్ళ నాన్నగారే. ఆ ఆపిల్ టూ సోర్స్ కోడ్, అంటే ఆట కోసం ఆయన రాసిన అసలు ప్రోగ్రాం, పోయిందనుకుని ఏళ్ళ తరబడి వెతికితే, 2012లో ఇంట్లో అల్మరాలో ఫ్లాపీల పెట్టె దొరికింది, దాన్ని కనిపెట్టి కొడుక్కి పంపింది కూడా ఆయనే. అమ్మ తెచ్చిన అట్టపెట్టె పక్కన కూర్చుని ఈ సంగతి తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

అలాగని నాకు ఫోన్ మీద కోపం లేదు. అమ్మకి టైపింగ్ రాదు, అయినా మైకు గుర్తు నొక్కి "తణుకులో ఇవాళ వాన పడుతుందా" అని తెలుగులో అడిగి తెలుసుకుంటుంది, అది చూసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. ఈ సౌకర్యం ఊరికే రాలేదు. 2018 ఫిబ్రవరిలో, కంటికి కనిపించని ఒక గుర్తు మధ్యలో కలిసిన "జ్ఞా" మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. జ్ఞాపకం అన్న మాటలో మొదటి అక్షరం అది. కొద్ది రోజుల్లో అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. మన అక్షరాల్ని మిషన్లు ఇప్పటికీ నేర్చుకుంటూనే ఉన్నాయి, నేర్చుకోనీ. నా రాతలు ఎవరి సర్వర్లోనో ఉంటే అవి నావని నేను నమ్ముకోవడమే పొరపాటు. ఇకపై టైప్ చేసినా నెలకోసారి ప్రింటు తీస్తాను. ఈసారి నిజంగా ప్రింటే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లాడు హెడ్‌సెట్ పెట్టుకుని ఫోన్లో తన గేమ్ ఆడుతున్నాడు. పన్నెండేళ్ళు వాడికి. కాసేపు పక్కన కూర్చుని చూశాను. అందులో రోజూ లాగిన్ అయితే ఏదో బహుమతి, ఒక రోజు మానేస్తే పోతుంది, సీజన్ అయిపోయేలోపు పూర్తి చేయకపోతే అదీ పోతుంది. నా డైరీ యాప్ గంటా, అంకె గుర్తొచ్చాయి. వాడు ఆడుతున్నందుకు నాకు బాధ లేదు, ఆపేటప్పుడు వాడి మొహంలో కనిపించే కంగారు చూస్తేనే బాధ. "నేను చిన్నప్పుడు ఆడిన గేమ్ చూస్తావా" అన్నాను. ల్యాప్‌టాప్‌లో పాత డాస్ ఆటలు ఆడించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాం వేసి ప్రిన్స్ ఆఫ్ పర్షియా తెరిచాను.

మొదటి అయిదు నిమిషాలు వాడికి నచ్చలేదు. బటన్ నొక్కగానే దూకడేంటమ్మా, లేటుగా దూకుతున్నాడు అన్నాడు. మనిషి కదరా, పరుగు ఆపుకోవడానికి అడుగు పడుతుంది అన్నాను. షిఫ్ట్ నొక్కి ఒక్కో అడుగూ వేయడం చూపించాను, ముళ్ళ మధ్యలోంచి అలా నడిస్తే గుచ్చుకోవు. రాయి కదిలిన చప్పుడు వినమన్నాను. మూడుసార్లు గుంటలో పడ్డాక వాడు హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టాడు. స్పేస్ నొక్కితే ఎన్ని నిమిషాలు మిగిలాయో వస్తుంది, మొత్తం గంటే.

"గంట అయ్యాక?"

"అయిపోతుంది. రాకుమారిని కాపాడలేకపోయినట్టే."

"రేపు మళ్ళీ ఏం ఇస్తాడు?"

"ఏమీ ఇవ్వడు."

వాడు కాసేపు ఆలోచించాడు. ఇంకేమీ అనకుండా ఆడటం మొదలుపెట్టాడు. అమ్మ కూడా వచ్చి చాప వేసుకుని వెనక కూర్చుంది, వాడు అంచు పట్టుకుని వేలాడిన ప్రతిసారీ "పడతావురా, జాగ్రత్త" అంటూ. బయట వాన పెద్దదైంది, కిటికీలు వేయడానికి లేచాను, బట్టలు అప్పటికే తడిసిపోయాయి. రెండో లెవెల్ దాటి మూడోదాంట్లోకి వెళ్ళేసరికి చీకటి పడింది. ఇక్కడి నుంచి సేవ్ చేసుకోవచ్చు, కంట్రోల్, జీ కలిపి నొక్కాలి అని చెప్పాను. మినప్పప్పు రుబ్బాలని గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇవాళ్టి పేజీ కింద ఇవి కూడా రాసి పెడుతున్నాను. దొండకాయలు అరకిలో 30. గ్యాస్ బుక్ చేయాలి. వాన, నాలుగున్నర నుంచి ఏడు దాకా. ఆట, రెండు గంటలు, ముగ్గురం.

వాడికి 41 నిమిషాలు మిగిలాయి అని పడుకోబోతూ చెప్పాడు. సేవ్ చేశాడో లేదో అడగడం మర్చిపోయాను.