క్లార్క్ చివరి నవలలూ, మన గోడపత్రికా

సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ 1968లో ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ రాసి అక్కడితో ఆగిపోవలసిందా, లేక ఆ తరువాత వచ్చిన మూడు నవలలూ రాయదగినవేనా అన్న చర్చ మన పాఠశాల గోడపత్రిక మీద మొదలైంది. మా బ్యాచ్ వాళ్ళు ఎక్కడ కలిసినా అది ఇప్పటికీ సాగుతూనే ఉంది. ఈ సంచికకు వ్యాసం అడిగినప్పుడు నాకు వెంటనే తోచిన విషయం కూడా అదే.

అప్పటికి హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం కొత్తది. 1985లో దాన్ని ప్రారంభించారు, మరుసటి ఏడాదే హేలీ తోకచుక్క వచ్చింది. పిల్లలందరికీ ఆకాశం మీద ధ్యాస పెరిగిన ఆ రోజుల్లో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో మా మిత్రుడికి అట్ట ఊడిపోయిన ‘2010: ఒడిస్సీ టూ’ దొరికింది. తెలుగు మాధ్యమంలో చదువుతున్న మాకు ఆ ఇంగ్లీషు ఒక పట్టాన కొరుకుడు పడేది కాదు. మా భౌతికశాస్త్రం మాస్టారు సాయంత్రం బడి వదిలాక ఉండిపోయి, అధ్యాయం తరువాత అధ్యాయం తెలుగులో వివరించేవారు. విన్నదాని మీద మా అభిప్రాయాలను చార్టు మీద రాసి అంటించేవాళ్ళం. ఒప్పుకోనివాళ్ళు అంచుల్లో పెన్సిలుతో జవాబులు రాసేవారు.

మొదటి తగవు శనిగ్రహం గురించి వచ్చింది. 2001 నవలలో డిస్కవరీ అనే అంతరిక్ష నౌక శనిగ్రహం దాకా వెళుతుంది, అదే కథతో వచ్చిన సినిమాలో మాత్రం గురుగ్రహం దగ్గరే ఆగుతుంది. 1982లో వచ్చిన రెండో నవల సినిమా కథనే అనుసరించింది. తన నవలను తానే కాదనుకున్న రచయితను ఎలా నమ్మాలని మాలో సగం మంది వాదించారు. మాస్టారు వాళ్ళను కోప్పడలేదు. 1979లో వోయేజర్ నౌకలు రెండూ గురుగ్రహం పక్కగా వెళ్ళి, దాని ఉపగ్రహాల చిత్రాలను భూమికి పంపాయని, వాటిలో ఒకటైన యురోపా మంచు మీద పగుళ్ళ గీతలు ఉన్నాయని, మొదటి నవల రాసేనాటికి ఇవేవీ ఎవరికీ తెలియవని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. క్లార్క్ కూడా ‘2061’ ముందుమాటలో, ఇవి ఒకదానికొకటి నేరుగా కొనసాగింపులు కావని, ఒకే ఇతివృత్తం మీద అల్లిన భిన్న రూపాలని, ఒకే విశ్వంలో జరిగి తీరాలన్న నియమం వీటికి లేదని స్పష్టంగా రాసుకున్నారు. శాస్త్రం మారినప్పుడు కథను మార్చుకోవడం రచయిత బలమే గాని బలహీనత కాదని నేను ఆ రోజే నమ్మాను.

మొదటి నవల మహత్తరమైనదే, కానీ అందులో మనుషులు చల్లగా, దూరంగా ఉంటారు. రెండో దానిలో చైనా నౌక యురోపా మీద దిగి, మంచు కరిగించి నీరు నింపుకుంటుండగా, మంచు కిందినుంచి వచ్చిన ఒక జీవి దీపాల వెలుగుకు ఆకర్షితమై ఆ నౌకనే కూల్చేస్తుంది. మిగిలిన ఒకే ఒక్క మనిషి ప్రొఫెసర్ చాంగ్ తన స్పేస్ సూట్ రేడియోలో, ఎవరైనా వింటున్నారో లేదో తెలియకుండానే, తాను చూసినదంతా వరుస తప్పకుండా చెబుతాడు. ప్రాణవాయువు తరిగిపోతున్నా ఆ జీవి ఎలా కదిలిందో, వెలుగుకు ఎలా స్పందించిందో చెప్పడం మానడు. చివరికి తమ ఎముకలను చైనాకు చేర్చమని కోరతాడు. ఈ ఘట్టాన్ని మాస్టారు చెబుతున్నప్పుడు తరగతిలో ఒక్కరూ కదలలేదు. అలాగే, మొదటి నవలలో డిస్కవరీని నడుపుతూ అందులోని మనుషులను చంపిన హాల్ అనే కంప్యూటర్‌ను తయారుచేసిన డాక్టర్ చంద్ర పూర్తి పేరు శివసుబ్రమణియన్ చంద్రశేగరంపిళ్ళై అని తెలిసినప్పుడు మాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. హాల్ దుర్మార్గం వల్ల చంపలేదని, నిజం దాచమని మనుషులే ఆజ్ఞాపించడం వల్ల దాని బుద్ధి చెదిరిందని చంద్ర తేల్చి చెబుతాడు. కంప్యూటర్లతోనే బతుకుతున్న మా బ్యాచ్ వాళ్ళకు ఆ భాగం ఈనాటికీ పాతబడలేదు.

1987 నాటి ‘2061: ఒడిస్సీ త్రీ’ని నేను గట్టిగా సమర్థించలేను. నాసా ప్రయోగించబోతున్న గెలీలియో అనే మానవరహిత నౌక గురుగ్రహం నుంచి పంపే సమాచారం కోసం ఆగుదామని క్లార్క్ అనుకున్నారు. 1986 జనవరిలో చాలెంజర్ స్పేస్ షటిల్ ప్రమాదం జరిగి ఆ ప్రయోగం వాయిదా పడడంతో ఎదురుచూడకుండానే రాసేశారు. వజ్రాల కొండ, నౌక హైజాకింగ్ ఉన్నా, కథ నిలబడదు.

1997లో, ఎనభయ్యో ఏట ఆయన ప్రచురించిన ‘3001: ది ఫైనల్ ఒడిస్సీ’ దగ్గర మాత్రం మాలో రాజీ కుదరలేదు. మొదటి నవల నుంచీ కథను నడిపిస్తున్న, గ్రహాంతరవాసులు వదిలిన అంతుచిక్కని నల్లరాతి పలకను కంప్యూటర్ వైరస్‌తో అంతం చేయడం అన్యాయమన్న మిత్రుల మాటతో నేనూ ఏకీభవిస్తాను. అయితే ఆ నవలలో భూమధ్యరేఖ చుట్టూ నాలుగు గోపురాలు మోస్తున్న వలయాకార నగరం ఉంటుంది. అది ఉన్నది సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున. భూమితో సమానంగా తిరిగే ఉపగ్రహాలను అదే ఎత్తున నిలిపి ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చని 1945 అక్టోబరులో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఆయనే రాశారు. 1975–76లో మన పల్లెలకు తెలుగు కార్యక్రమాలు ప్రసారం చేసిన ఏటీఎస్-6 ఉపగ్రహం అప్పుడు ఉండినది ఆ కక్ష్యలోనే. యౌవనంలో లెక్కకట్టిన చోటికే చివరి నవలలో మనుషులను నివాసానికి తీసుకువెళ్ళిన రచయితను, ఓపిక తగ్గాక ఏదో రాశారని తీసిపారేయడం నాకు సమ్మతం కాదు.

గెలీలియో నౌక పంపిన సమాచారంతో యురోపా మంచు కింద సముద్రం ఉందనడానికి బలమైన ఆధారాలు లభించాయి. అక్కడి నీటిని భూమి సూక్ష్మజీవులు కలుషితం చేయకూడదని 2003 సెప్టెంబరులో ఆ నౌకనే గురుగ్రహంలోకి పంపి నాశనం చేశారు. యురోపా మీద దిగవద్దన్న హెచ్చరికను క్లార్క్ 1982లోనే రాశారని మా మిత్రుల్లో ఒకరికి అప్పుడు గుర్తుచేస్తే, ఆ ఒక్క వాక్యం కోసం రెండో నవలను క్షమిస్తానన్నాడు. మూడో, నాలుగో నవలల మీద మాత్రం అతని పట్టు సడలలేదు.

ఈసారి మా బ్యాచ్ తరఫున పాఠశాల గ్రంథాలయానికి నాలుగు నవలలూ ఇస్తున్నాం. చివరి రెండూ వద్దని వచ్చిన అభ్యంతరాన్ని కూడా వివరంగా రాయించి, ఆ కాగితాన్ని నాలుగో పుస్తకంలోనే పెట్టాం. చదివిన విద్యార్థులు తమ జవాబు గోడపత్రిక మీద రాస్తే, దాని నకలు మాకు పంపవలసిందిగా ఉపాధ్యాయులను కోరుతున్నాను.