పదహారున్నర గంటల దూరం

నాన్నమ్మ పెద్దకర్మకు సెలవు అడిగినప్పుడు మా మేనేజరు నా ఎదుటే కంప్యూటర్‌లో డాలస్, హైదరాబాద్ పేర్లు కొట్టి, విమాన ప్రయాణం 16 గంటల 30 నిమిషాలేనని చూపించి, రానూపోనూ నాలుగు రోజులు ఎందుకు రాశావని అడిగారు. ఆయన మాటలో వెటకారం లేదు. అయినా అబద్ధమాడి సెలవు గుంజుకుంటున్నవాడిలా నిలబడవలసి వచ్చిందన్న ఉక్రోషం నాకు ఇంకా తగ్గలేదు.

ఆ అంకె ఎలా పుట్టిందో తరువాత లెక్క కట్టి చూశాను. రెండు నగరాల మధ్య భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. దాన్ని గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగించి, పైన ఒక అరగంట కలిపితే సరిగ్గా అంతే వస్తుంది. డాలస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర, హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నందున ఆ గీత దాదాపు ఉత్తర ధ్రువాన్ని రాసుకుంటూ పోతుంది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది గాని, ఆ దారిన ఈ రెండు ఊళ్ళనూ నేరుగా కలిపే విమానం లేదు. దుబాయ్ మీదుగా వెళితే దూరం 15,500 కిలోమీటర్లకు చేరుతుంది. మూడు గంటల ముందు విమానాశ్రయానికి చేరడం, దుబాయ్‌లో నిరీక్షణ, శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ వరుస, సామాను కోసం పడిగాపులు, ఆపైన ఖమ్మం దాటి మా ఊరికి కారులో మరో ఐదు గంటలు ఏ లెక్కలోనూ ఉండవు.

ఆయన తల్లి టల్సాలో ఉంటారు. కారెక్కితే నాలుగు గంటల్లో ఆమె ఇంటి ముందు దిగే మనిషికి దూరమంటే స్టీరింగ్ ముందు గడిపే కాలమే కాబట్టి, ఆయనను తప్పుపట్టడం న్యాయం కాదని నాకు నేనే చెప్పుకుంటాను. అయితే మన దగ్గర ఆఫీసులో ఇలాంటి కబురు చెబితే ముందు 'వెళ్ళిరా' అంటారు, కిలోమీటర్లు అడగరు. (కర్మ జరుగుతుండగానే ఫోను చేసి ఫైలు ఎక్కడుందని అడుగుతారనుకోండి, అది వేరే సంగతి.)

అన్నిటికంటే చిక్కు తిరుగు ప్రయాణంతో వచ్చింది. చలికాలంలో హైదరాబాద్‌లో తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరిన మనిషి డాలస్‌లో అదే తేదీ సాయంత్రం నాలుగింటికి దిగవచ్చు. టికెట్టు మీద అది పన్నెండు గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. పదకొండున్నర గంటల కాలభేదం కలిపితేగాని ఇరవై మూడున్నర గంటలని తెలియదు. పైగా పడమటి నుంచి వీచే జెట్ గాలులకు ఎదురుగా రావాలి గనుక, దుబాయ్ నుంచి డాలస్ వచ్చే విమానానికి వెళ్ళేటప్పటికంటే గంటకు పైగా ఎక్కువే పడుతుంది. ఇవన్నీ రెండు నగరాల గడియారాలతో సహా పట్టిక వేసి పంపాను.

ఆయన శ్రద్ధగా చదివి, అడిగిన సెలవంతా ఇచ్చి, నాన్నమ్మ గురించి రెండు మంచి మాటలు కూడా రాశారు. చివర ఒక వాక్యం చేర్చారు: సాయంత్రం నాలుగింటికే దిగుతున్నాను కనుక, ఆరు గంటల కాల్‌కు అందుబాటులో ఉండగలనా అని.