గుడ్ల లెక్క

పెళ్లయిన ఏడాది నుంచీ నేను ఖర్చుల పుస్తకం రాస్తున్నాను. పాలు, కూరలు, అద్దె, కరెంటు, పిల్లల పెన్సిళ్లు, అన్నీ అందులో ఉంటాయి. 2025 ఫిబ్రవరి 6 పేజీ మాత్రం ఇప్పుడు చూసినా నా చేతిరాతలా అనిపించదు. అక్షరాలు గీత మీద నిలవలేదు. మా ఆయనకు టీబీ అని తేలింది ఆ రోజే.

మాది గుంటూరు. మా ఆయన మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తా. రైతులు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా వేయించడం, చీటీలు రాయడం, లెక్క కట్టడం ఆయన పని. అప్పట్లో నెలకు 15,000 ఇచ్చేవారు. సీజన్‌లో పైన ఇంకో రెండు వేలు వస్తాయి. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, చీరలకు ఫాల్, పికో వేస్తాను. నాకు 6,000 దాకా వచ్చేది. పాప ఏడో తరగతి, బాబు నాలుగు, ఇద్దరూ ప్రభుత్వ బడిలోనే. అప్పు లేకుండా, మిగులు లేకుండా గడిచిపోయేది.

దగ్గు 2024 దీపావళి తర్వాత మొదలైంది. యార్డులో పనిచేసేవాళ్ల ఇళ్లలో దగ్గును ఎవరూ లెక్కచేయరు. ఆయన సాయంత్రం ఇంట్లో అడుగుపెడితే చొక్కా ఘాటుకు మేమే తుమ్ముతాం. ఆ ఘాటు వల్లే అనుకున్నాం. మా వీధి చివర వైద్యం చేసే ఆయన కూడా అదే అని సిరప్ ఇచ్చాడు. తగ్గకపోతే ఇంజెక్షన్లు చేశాడు. తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే అలర్జీ అన్నారు. రక్త పరీక్షలు, ఇన్‌హేలరు, మూడు రకాల మాత్రలు. ఈలోగా రోజూ సాయంత్రం ఒళ్లు వెచ్చబడేది. తెల్లవారేసరికి బనియను పిండితే నీళ్లు కారేంత చెమట. 61 కిలోల మనిషి 48కి వచ్చారు. బెల్టుకు మేకుతో కొత్త రంధ్రం పెట్టుకున్న రోజు నాకు భయమేసింది. ఆయనకు చెప్పలేదు.

డిసెంబరు, జనవరి రెండు నెలల్లో మందులకు, పరీక్షలకు 17,650 అయింది. ఇందులో సగానికి పైగా మా తమ్ముడి దగ్గర తెచ్చిన చేబదులు. అంత ఖర్చులో ఒక్కసారి కూడా ఎవరూ కఫం పరీక్ష రాయలేదు. ఇప్పటికీ ఆ పేజీలు తిప్పితే నాకు బాధ, కోపం రెండూ వస్తాయి.

కఫంలో ఎర్రటి చార కనపడిన మర్నాడు మా వీధి ఆశా కార్యకర్త చెవిన పడేశాను. ఆమె ఒక్క మాటే అడిగింది. "రెండు వారాలు దాటి దగ్గుతుంటే ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?" తనే వెంటపెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎక్స్‌రే తీశారు, కఫం డబ్బీ ఇచ్చారు. కఫాన్ని మిషన్‌లో పెట్టి చూస్తే టీబీ ఉందో లేదో, దానికి ముఖ్యమైన మందు పనిచేస్తుందో లేదో రెండూ తెలిసిపోతాయట. ఉంది, మందు పనిచేస్తుంది అన్నారు. షుగరు, హెచ్ఐవీ పరీక్షలు కూడా చేశారు. రెండో పేరు వినగానే నా కాళ్లు వణికాయి. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ చేస్తామమ్మా అని అక్కడి నర్సు నా భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. రెండూ లేవని వచ్చింది. ఆ రోజు పుస్తకంలో రాసిన ఖర్చు ఒక్కటే, ఆటో 120.

మందులు ఉచితం. ఆరు నెలలు, మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు కలిసిన మాత్ర. మనిషి బరువును బట్టి ఎన్ని మాత్రలో చెబుతారు. 48 కిలోలకు రోజుకు మూడు. మొదటి వారం మింగిన గంటకు వాంతి అయ్యేది. వాంతి అయితే మందు పోయినట్టేనా అని నాకు ఒకటే టెన్షన్. డాక్టరుగారిని అడిగితే రెండు ఇడ్లీలు తిన్నాక వేసుకోమన్నారు, సర్దుకుంది. ఒంటేలు ఎర్రగా నారింజరంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. మోకాళ్లు, మడమలు విపరీతంగా లాగేవి. రాత్రి పదకొండింటికి కుట్టు మిషను ఆపి, కాసేపు ఆయన కాళ్లు పట్టి పడుకునేదాన్ని.

నేను చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పాలి. మందు మొదలుపెట్టిన రోజే ఆయనకు కంచం, గ్లాసు, చెంబు వేరు చేశాను. పిల్లల్ని ఆ గది గుమ్మం దాటనివ్వలేదు. ఎవరూ చెప్పలేదు, నా భయమే చేయించింది. ఆయన ఏమీ అనలేదు. తిన్న కంచం తనే కడుక్కుని గోడకు ఆనించి పెట్టుకునేవారు. పదో రోజున టీబీ విభాగం నుంచి ఒకావిడ ఇంటికి వచ్చి ఆ కంచం చూసింది. "ఇది గాలి ద్వారా వచ్చే జబ్బు తల్లీ, కంచం ద్వారా కాదు. కంచం కలిపెయ్యి, కిటికీ తెరువు" అంది. మా గది కిటికీకి చలికాలం నుంచీ అట్టముక్క కొట్టి ఉంది. ఆమె ఎదురుగానే పీకేశాను. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ, బయటికొస్తే మాస్కు, గదిలో ఎండా గాలీ. మందు సరిగ్గా వేసుకుంటే రెండు మూడు వారాల్లో పక్కవాళ్లకు అంటించే బలం చాలావరకు పోతుందని చెప్పింది. నాకూ పిల్లలకూ ఎక్స్‌రేలు తీయించి, ఏమీ లేదన్నాక రాకుండా వారానికోసారి చొప్పున 12 వారాలు మాత్రలు ఇచ్చారు. ఆ రాత్రి మళ్లీ అందరి కంచాలూ ఒకే వరసలో పెట్టాను. ఆయన అన్నం కలుపుతూ తల ఎత్తలేదు.

మందులకు డబ్బు అక్కర్లేదంటే జబ్బుకు డబ్బు అక్కర్లేదని కాదు. జీతం ఆగిపోయింది. కొట్టు యజమాని ఫిబ్రవరికి సగం ఇచ్చారు, మార్చి నుంచి ఏమీ లేదు. నా రెండు కాసుల గొలుసు బ్యాంకులో పెట్టి 50,000 తెచ్చాను. పాత చేబదులు, కిరాణా బాకీ కలిపి 20,000 తీర్చేశాను. మిగిలిన 30,000 ఆరు పెళ్లిశుభలేఖల కవర్లలో 5,000 చొప్పున పెట్టి, ఒక్కో దాని మీద నెల పేరు రాశాను. ఆ నెల రాకుండా ఆ కవరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. టీబీ రోగికి తిండి కోసం ప్రభుత్వం నెలకు 1,000 లెక్కన ఇస్తుంది. మాకు మొదట ఒకసారి 3,000, తర్వాత మరోసారి 3,000 అకౌంట్లో పడ్డాయి. కార్డు మీద నలుగురికీ 20 కిలోల బియ్యం వస్తాయి. 4,500 అద్దె కట్టాక మిగిలిన దాంట్లో ఆయనకు కండ పట్టే తిండి పెట్టాలి.

బలమైన తిండి అని అందరూ అంటారు. ఏది పెట్టాలో, అది ఎంతకు వస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. యాపిల్ పండ్లు, డబ్బాల పొడులు తెమ్మని చుట్టాలు చెప్పారు. నేను కొనలేదు. ఆ డబ్బుతో నెలకు రెండు ట్రేల గుడ్లు తెచ్చాను, అప్పుడు ట్రే 170. రోజూ రెండు గుడ్లు. పొద్దున రాగిజావలో పాలు. పల్లీలు వేయించి బెల్లంతో నేనే ఉండలు కట్టాను. వెనక వీధిలో మునగచెట్టున్న పెద్దమ్మగారు ఎప్పుడడిగినా ఆకు కోసుకోమనేవారు, వారానికి మూడుసార్లు మునగాకు పప్పు. కందిపప్పులో సగం పెసరపప్పు కలిపేదాన్ని. ఆదివారం కోడి మాంసం బదులు కార్జం తెచ్చేదాన్ని, చాలా తక్కువకు వస్తుంది. నోరు చేదుగా ఉందంటే నిమ్మకాయ కారం. పిల్లలకు బడిలో మధ్యాహ్నం గుడ్డు పెడతారు కాబట్టి ఇంట్లో వాళ్లకు వేరే అక్కర్లేదని లెక్క వేసుకున్నాను. నా గురించి అసలు లెక్కే వేయలేదు. పచ్చడి, మజ్జిగ చాలనుకున్నాను. టీ మానేశాను. రాత్రి పన్నెండు దాకా కుట్టి మార్చిలో 7,800 సంపాదించాను.

మార్చి నెలాఖరున ఆయన పుస్తకం ఇవ్వమన్నారు. పడుకుని తోచక అడుగుతున్నారేమో అనుకుని ఇచ్చాను. పన్నెండేళ్లుగా ఇతరుల లెక్కలు చూసే మనిషి. వేలితో పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆపారు.

"గుడ్లు 60 తెచ్చావు. నేను రోజుకు రెండు లెక్కన 60 తిన్నాను. మరి నువ్వు?"

"నాకు గుడ్డు సయించడం లేదండీ."

"పాలు అర లీటరు. జావకు, పిల్లలకు సరి. నీ టీ ఏది?"

నేను బ్లౌజు మీద నుంచి చూపు తిప్పలేదు. ఆయన పుస్తకం మూసి గోడవైపు తిరిగి పడుకున్నారు. చాలాసేపటికి "నీకూ వస్తే నన్నెవరు చూస్తారు, పిల్లల్ని ఎవరు చూస్తారు" అన్నారు. గొంతు పూడుకుపోయి ఉంది. నాకు కొన్నాళ్లుగా మిషను దగ్గర కళ్లు తిరుగుతున్నాయని అప్పుడు చెప్పాను. మర్నాడు ఆశా కార్యకర్తే రక్తం చూపించింది. హిమోగ్లోబిన్ 8.2. ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఏప్రిల్ నుంచి పుస్తకంలో ఆయన రాతలో ఒక కొత్త వరస వచ్చింది. గుడ్లు 90. ఆయన 60, నేను 30. ఆ మూడో ట్రేకు డబ్బు కోసం నా ఫోను రీచార్జి చిన్న ప్యాకుకు మార్చాం, కేబుల్ తీసేశాం.

ఏప్రిల్ మొదట్లో కఫం పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. బరువు 53. మాత్రలు మూడు నుంచి నాలుగు చేశారు, బరువు పెరిగింది కాబట్టి మందూ పెంచాలన్నారు. అప్పుడే ఆయన చొక్కా వేసుకుని యార్డుకు బయల్దేరారు. సీజను ముమ్మరంగా ఉంది, ఇప్పుడు పోకపోతే నా చోట ఇంకొకరు కూర్చుంటారు అన్నారు. బాగైపోయిందనిపించి మందు మధ్యలో వదిలేస్తే మందులకు లొంగని టీబీ రావచ్చని అప్పటికే నాకు చెప్పి ఉన్నారు. మందు మానను, పనికి మాత్రమే వెళ్తాను అంటారాయన. ఆ ఘాటులో, ఆ దుమ్ములో, మూడంతస్తుల ఎత్తు టిక్కీల మధ్య పన్నెండు గంటలు ఆ ఊపిరితిత్తులతో ఎలా నిలబడతారు? గుమ్మంలో అడ్డం నిలబడి ఏడ్చాను. పాప బయటికొచ్చి ఆయన చెప్పులు తీసుకెళ్లి లోపల దాచేసింది. ఆయన ఆగారు.

ఆ మధ్యాహ్నమే నేను హుక్కులు కుట్టడానికి పక్కన పెట్టిన బ్లౌజు తీసుకుని "ఎలాగో చూపించు" అన్నారు. హుక్కులు, కాజాలు, హెమ్మింగ్ అంటే బ్లౌజు పనిలో సగం సమయం వాటికే పోతుంది. మొదటి వారం లోపలి గదిలో, తలుపు దగ్గరగా వేసుకుని కుట్టారు. మగవాడు సూది పట్టాడని ఎవరైనా చూస్తారని. ఎండలు ముదిరాక లోపల ఉండలేక వరండాలోకి వచ్చి కూర్చున్నారు. చీర ఇవ్వడానికి వచ్చిన ఎదురింటావిడ చూసి "అన్నయ్యగారి కుట్టు నీకంటే సన్నగా ఉందే" అంది. చీటీల మీద అంకెలు వేసిన చెయ్యి, వంకర పోదు. మే నెలలో మా కుట్టు సంపాదన 11,400. అందులో చేతిపని అంతా ఆయనదే. ఆ నెల కవరు విప్పలేదు.

జూన్‌లో, బడికెళ్లే పిల్లల కోసం ప్రభుత్వం తల్లులకు ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఒక్కో బిడ్డకు 13,000 చొప్పున పడింది. పిల్లల పుస్తకాలకు, బూట్లకు పోను మిగిలింది బ్యాంకులో కట్టాం. జూలై నెలాఖరున ఆఖరి మాత్ర. కఫం మళ్లీ చూసి లేదన్నారు. ఎక్స్‌రేలో కుడివైపు మచ్చ ఉంది, అది మానిన గాయం గుర్తు, అలాగే ఉండొచ్చని డాక్టరుగారు చూపించారు. బరువు 58.

ఆగస్టులో ఆయన పాత కొట్టుకే వెళ్లారు. మాస్కు తీయరు, టిక్కీలు దింపే చోట నిలబడకుండా కాటా బల్ల దగ్గరే ఉంటారు. జీతం 1,000 తగ్గించారు, ఒప్పుకున్నాం. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. ఏప్రిల్ లోపు విడిపించాలని ప్రతి నెలా కొంత కడుతున్నాం.

రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. మొదటి తేదీ జనవరిలో. క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో ఆయనే గుర్తు పెట్టుకున్నారు. రాత్రిళ్లు భోజనాలయ్యాక ఇద్దరం వరండాలో కూర్చుంటాం, నేను కుట్టి ఇస్తే ఆయన హుక్కులు వేస్తారు. పుస్తకం ఇప్పుడు ఆయన దగ్గరే ఉంటుంది. నిద్రపోయేముందు అడుగుతారు, "ఇవాళ నీ గుడ్డు తిన్నావా? రాయనా?"