ఇప్పపూల రోజుల్లో తాడ్వాయి అడవి నడక

ములుగు జిల్లా తాడ్వాయికి ఎక్కువమంది వానాకాలంలోనే వస్తారు, బొగత జలపాతం దారిలో ఒక్కసారి ఆగి వెళ్లిపోతారు. ఇక్కడి ఏటూరునాగారం అభయారణ్యం 806 చదరపు కిలోమీటర్లు. దాన్ని నడిచి చూడాలంటే మార్చి, ఏప్రిల్ మంచివి. టేకు ఆకు రాల్చి ఉంటుంది, చూపు దూరం పోతుంది. కాకపోతే ఇప్పపూలు నేల రాలే కాలమూ అదే.

ఇప్పపువ్వు రాత్రి రాలడం మొదలై తెల్లారినా రాలుతూనే ఉంటుంది. లేత పసుపు రంగు, కండగల రేకు, వేళ్ల మధ్య నొక్కితే జిగురుగా తీపి రసం. ఆ వాసనకు ఎలుగుబంటి వస్తుంది. దాని ముక్కు చురుకు, చూపు మందం. తల వంచి తింటూ ఉంటే మీరు బాగా దగ్గరికొచ్చేదాకా గమనించదు, ఉలిక్కిపడి మీద పడుతుంది. అందుకే ఏడున్నర దాటాకే అడవిలో అడుగు పెట్టండి, సాయంత్రం నాలుగున్నరకల్లా రోడ్డెక్కండి. నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ నడవండి. చెవిలో ఇయర్‌ఫోన్లు వద్దే వద్దు.

దారిలో ఎలుగు తవ్విన చెదపుట్ట కనబడితే మట్టి చూడండి. ముదురు రంగులో తడిగా ఉంటే ఇప్పుడిప్పుడే తవ్విందని అర్థం, వచ్చిన దారినే తిరగండి. ఎలుగు ఎదురైతే పరుగెత్తకండి, పరుగులో అది మనకన్నా ముందుంటుంది. దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. మీద పడితే బోర్లా పడుకుని మెడ వెనక రెండు చేతులూ కట్టుకోండి, వీపున బ్యాగు ఉండనివ్వండి.

ఇప్పచెట్టు కింద పూలు ఏరడానికి ఊడ్చి శుభ్రంగా ఉంచిన నేల ఒక కోయ కుటుంబం ఏడాది సంపాదనలో భాగం. అక్కడ కూర్చోవద్దు, పూలు తొక్కవద్దు. ఎండుటాకు మడమ మునిగేంత ఉంటుంది కాబట్టి స్టవ్వు, బీడీ, సిగరెట్టు ఏదీ వద్దు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. లోపలికి పోవడానికి అటవీశాఖ అనుమతి కూడా తీసుకోవాలి.

ఏడెనిమిది కిలోమీటర్ల నడకకు మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోయాల్సిందే. ఒర్రెలు అప్పటికే ఎండుతాయి, మిగిలిన మడుగులు జంతువులవి. వాటి పక్కన కూర్చుని సద్ది విప్పితే అవి దాహంతోనే వెనక్కి పోతాయి.

పశువులు తిరిగే చోట పిడుదులు పట్టుకుంటాయి. ప్యాంటు అంచు సాక్సులోకి దోపండి. పట్టిన పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. కిరోసిన్ పోసినా, కాల్చినా అది కడుపులోది గాయంలోకి కక్కుతుంది.