రంభలో జక్కవలు

బరంపురంలో ఆరున్నరకి బస్సెక్కితే ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డునున్న రంభ చేరేసరికి ఎనిమిది దాటింది. ఛత్రపురంలో జనం నిండేదాకా కదిలేది లేదని అరగంట ఆపేశాడు. పిట్టల్ని చూడాలంటే పొద్దు పొడిచేసరికే నీళ్ల మీద ఉండాలి. ఆ అరగంటా నాకు ఒకటే టెన్షన్. దిగగానే ఆకు దొన్నెలో బరా (మన గారెలే), ఘుగుని (బఠాణీల కూర) గబగబా తిని రేవుకి పరిగెత్తాను.

ముందురోజు ఛత్రపురం పక్కనే ఉన్న తంపరా చెరువు చూశాను. 2021లో దానికి రామ్‌సర్ గుర్తింపు, అంటే ప్రపంచ స్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేల అన్న గుర్తింపు వచ్చింది. ఒడ్డంతా పిక్నిక్ పొయ్యిలే. నాలుగు నీటికోళ్లు తప్ప ఏమీ కనబడలేదు. అందుకే చిలికా మీద ఆశలన్నీ పెట్టుకున్నాను.

రేవులో మోటారు పడవకి రెండు వేలు అడిగారు. ఒక్కడెళ్లినా పదిమంది ఎక్కినా అదే రేటట. పిట్టల కోసం వచ్చేవాడు ఒంటరిగానే వస్తాడు కదా, వాడికో చిన్న పడవ, చిన్న ధర ఉండొద్దూ? ఇదే విసుక్కుంటూ ఇంటికి ఫోన్ చేస్తుంటే చివరి పడవలోంచి ఒక పెద్దాయన పలకరించాడు.

"ఏటి బాబూ, తెలుగోళ్లా?"

వాళ్లమ్మది సోనాపూర్, జాలర్ల ఇల్లు. ఇంట్లో తెలుగు, రేవులో ఒడియా. పన్నెండొందలకి ఒప్పుకున్నాడు. "ఇంజిను దూరంగానే ఆపేస్తాను, గెడతో ఎల్దాం. లేపోతే ఎగిరిపోతాయి" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా చిరాకంతా పోయింది.

గోధుమరంగు తల గల్లులు అనే నీటి పిట్టలు పడవ వెంటే వచ్చాయి. సూదితోక బాతులు దూరంగా నీటి మీద చుక్కల్లా ఉన్నాయి. జనవరిలో ఒక్కరోజున జరిగే లెక్కలో ఈ మధ్య ఏటా చిలికా మొత్తం మీద పది లక్షలకి పైనే పక్షులు తేలుతున్నాయి. అయితే ఎక్కువ భాగం నలబన దీవి వైపూ, ఉత్తరాన మంగళాజోడి వైపూ ఉంటాయి. రంభ దగ్గర నీళ్లు లోతు. ఇక్కడ రాతి దీవుల అంచులు, బురద తేలిన ఒడ్లు వెతుక్కోవాలి.

అలాంటి ఒక ఒడ్డున పెద్దాయన గెడ ఆపి చెయ్యి చాచాడు. "అదిగో, చకువాలు."

బాతు కంటే పెద్దవి, ఒళ్లంతా ఇటుకరంగు, తల మాత్రం వెలిసినట్టు పాలిపోయి ఉంది. ముప్ఫై పైనే ఉన్నాయి. బైనాక్యులర్‌లోంచి చూస్తే మందలోనూ రెండేసి రెండేసిగానే నిలబడ్డాయి. చకువా అంటే ఏమిటో వెలగడానికి నాకు నిమిషం పట్టింది. చక్రవాకం! మన జక్కవ!

టెక్కలి హైస్కూల్లో మా తెలుగు మాస్టారు జక్కవల కథ చెప్పినప్పుడు, పాలూ నీళ్లూ వేరుచేసే హంసలాగే ఇదీ కవులు అల్లిన పిట్ట అనుకున్నాను. పగలంతా జంటగా ఉంటాయట, రాత్రి ఏటికి చెరో ఒడ్డునా విడిపోయి తెల్లవార్లూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయట. పరీక్షకి కవిసమయం అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పిట్ట నిజంగా ఉంటుందని, బరంపురానికి గంటన్నర దూరంలో బురదలో నిలబడి ఉంటుందని ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు.

"ఇవి రాత్రిళ్లు అరుస్తాయా?" అని అడిగాను.

"వల కాడ పడుకుంటాం గదా బాబూ. రాత్రల్లా మేత మేస్తాయి. ఒకటి ఇటుపక్క ఆంగ్ అంటాది, ఇంకోటి అటుపక్క నుంచి ఆంగ్ అంటాది. నిద్రట్టనివ్వవు."

నా ఒళ్లు జలదరించింది. ఆయన ఏ పద్యమూ చదవలేదు. వల కాపలాలో విన్నది విన్నట్టు చెప్పాడు.

మా ఊరి పక్కన తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లమీద గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. ఊరివాళ్లకి వాటి కాపురమంతా తెలుసు. జక్కవలు అలా కాదు. లడఖ్, టిబెట్ ఎత్తుల్లో రాతి బొరియల్లో గుడ్లు పెట్టి, చలికాలం తిండికి మాత్రమే ఇటొస్తాయి. మన కవులు వాటి గూడు చూసే వీలే లేదు. రాత్రి నీటి మీద కేకలు మాత్రం విని ఉంటారు. ఎడబాటు కథ అందులోంచే పుట్టిందని నా నమ్మకం.

ఇంతలో డీజే బాక్సులు పెట్టుకున్న పిక్నిక్ పడవ ఒకటి మా పక్క నుంచే దీవికి పోయింది. మంద మొత్తం ఒక్కసారి లేచింది. ఎగిరితే రెక్కల్లో తెలుపు, నలుపు మెరిశాయి, చూడ్డానికి అందంగానే ఉంది. కానీ నాకు కడుపు రగిలిపోయింది. హిమాలయాలు దాటొచ్చిన ప్రాణికి పొద్దున పూట తిండి కూడా తిననివ్వరా? 1981లోనే రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు ఇది. నీళ్ల మీద బాక్సులు కట్టనివ్వకుండా ఆపడం అంత కష్టమా? పెద్దాయన ఒడియాలో గట్టిగా అరిచాడు. ఆ పాటల హోరులో వాళ్లకి వినబడలేదు.

మేం కదలకుండా కూర్చున్నాం. అరగంటకి పది దాకా తిరిగొచ్చాయి. మిగతావి రాలేదు.

రాత్రి బరంపురంలో మామయ్యకి చెప్తే అన్నం తినడం ఆపి విన్నాడు. నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా రంభ అంటే ఆయనకి పీతలూ రొయ్యలే. "చకువా అంటే జక్కవా!" అని రెండుసార్లు అనుకున్నాడు. "రేపు మొదటి బస్సుకే పోదాం, నేనూ వస్తా" అన్నాడు. అత్తయ్య అప్పుడే లేచి ఆయన స్వెట్టర్ కోసం బీరువా తీసింది.