చీలమండ దగ్గర ఆగిపోయిన కబురు

మొదట కుడికాలి చెప్పు ఊడిపోయింది. నాలుగడుగులు వేశాక మా అబ్బాయి వెనకనుంచి "నాన్నా, చెప్పు!" అని అరిస్తే గానీ నాకు తెలియలేదు. అప్పటికి రెండు రోజులుగా పాదాల్లో తిమ్మిర్లు, నడుము నొప్పి. అంతకు రెండు వారాల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గిపోయాయి. వీటన్నిటికీ సంబంధం ఉంటుందని నేనెక్కడ అనుకుంటాను! మర్నాడు రెయిలింగు పట్టుకుని మెట్లెక్కాను. ఆ మర్నాడు కుర్చీలోంచి లేవలేకపోయాను.

మొదట చూపించుకున్న చోట నడుముకి ఎక్స్‌రే తీసి, విటమిన్ మాత్రలిచ్చి పంపేశారు. దాంతో ఒక రోజు పోయింది. ఈ జబ్బులో ఒక రోజు చాలా పెద్దది, అందుకే చెబుతున్నాను: తిమ్మిర్లు, బలహీనత రెండూ కలిసి కాళ్లనుంచి పైకి పాకుతుంటే ఆగకుండా న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

రెండో ఆస్పత్రిలో డాక్టరుగారు చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టారు. కాలు కదల్లేదు. తర్వాత ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి చీలమండ ఎముక మీద ఆనించారు.

"ఏం తెలుస్తోంది?"

"చల్లగా ఉందండీ."

"అదురుతోందా?"

అదురు తెలియలేదు. చల్లదనం తెలుస్తోంది, అదురు తెలియట్లేదు! ఒకే చోట, ఒకే ఇనుము. జబ్బు పేరు గిలాన్ బారే సిండ్రోమ్, అందరూ జీబీఎస్ అంటారు. ఆ రోజు నా మనసులో పడిన ప్రశ్న మాత్రం ఆ చల్లదనం గురించే.

నరం అంటే కరెంటు తీగలాంటిదని అనుకునేవాణ్ణి. కాదు. నాడీకణం తీగ లోపలి వైపు, బయటితో పోలిస్తే, సుమారు 70 మిల్లీవోల్టుల రుణావేశంతో ఉంటుంది. కబురు రాగానే పొరలోని సన్నని ద్వారాలు తెరుచుకుని సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి. ఆ వెంటనే పొటాషియం బయటికి వెళ్లి మళ్లీ మామూలు స్థితి తెస్తుంది. ఒక చోట ఇదంతా జరగడానికి సుమారు సెకనులో వెయ్యో వంతు చాలు. అయితే ప్రతి చోటా ఇదే పని మళ్లీ మళ్లీ చేసుకుంటూ పోవాలంటే కబురు సెకనుకి ఒక మీటరు చొప్పున నడుస్తుంది. చల్లదనాన్ని, మంటని మోసే సన్నని తంతువుల్లో చాలావాటి సంగతి ఇదే. వాటికి మందపాటి పొర ఉండదు.

అదురుని, కాలు ఎక్కడుందన్న స్పృహని, కండరానికి ఆజ్ఞని మోసే లావు తంతువుల మీద మాత్రం ష్వాన్ కణాలు చాప చుట్టినట్టు మైలిన్ పొర చుట్టి పెడతాయి. ఒక్కో కణం దాదాపు ఒక మిల్లీమీటరు మేర కాపు కాస్తుంది. నడుమునుంచి పాదం దాకా వెళ్లే ఒక్క తంతువు మీద వరసగా వెయ్యి కణాలన్నమాట. రెండు చుట్టల మధ్య చిన్న ఖాళీ, దాన్ని రాన్వియర్ కణుపు అంటారు. సోడియం ద్వారాలన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. కబురు కణుపునుంచి కణుపుకి దుముకుతూ సెకనుకి 50 మీటర్లు, కొన్నిట్లో 100 దాటి పోతుంది.

విరేచనాల క్రిమి మీదికి లేచిన నా సొంత రక్షణ వ్యవస్థ ఆ చుట్టల మీద పడింది. పొర ఊడితే కబురు నెమ్మదిగానైనా నడవాలి కదా అని అడిగాను. నడవదట. చుట్ట కింద ఉన్న భాగంలో ద్వారాలు చాలా తక్కువ. పొర లేక విద్యుత్తు దారిలోనే కారిపోతుంది, తర్వాతి కణుపుని మేల్కొలిపేంత బలం మిగలదు. తీగ బతికే ఉన్నా కబురు అక్కడే ఆగిపోతుంది. నా కండరాలకి ఏ లోపమూ లేదు. వాటికి ఆజ్ఞ చేరలేదు, అంతే.

నరాల పరీక్షలో చీలమండ దగ్గర, మోకాలి వెనక చిటుక్కుమని షాకులిచ్చారు. కాల్లో సెకనుకి 40 మీటర్లు దాటాల్సిన వేగం నాకు 27. తెరమీద నిటారుగా లేవాల్సిన అల విడివిడిగా చెదిరి, బల్లపరుపుగా కనిపించింది.

రోజుకి నాలుగుసార్లు నర్సమ్మ వచ్చి, "గట్టిగా గాలి పీల్చి ఒక్క గుక్కలో అంకెలు చెప్పండి" అనేది. మొదటి రోజు 31. రెండో రోజు 22. మూడో రోజు 14 దగ్గర ఆగిపోయి ఆమె ముఖంలోకి చూశాను. ఏమీ అనకుండా వెళ్లి డాక్టర్ని పిలుచుకొచ్చింది. ఆ రాత్రి ఐసీయూలో పడుకుని, ఊపిరి కండరానికి వెళ్లే నరం మీద కూడా ఆ చుట్టలే ఉన్నాయన్న సంగతి తప్ప వేరే ఆలోచన రాలేదు. వెంటిలేటర్ అవసరం పడలేదు. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ (అంటే యాంటీబాడీల మందు) ఎక్కించారు, మొత్తం కిలో బరువుకి 2 గ్రాముల చొప్పున. వేలమంది దాతల ప్లాస్మానుంచి తీసేది. వాళ్లెవరో నాకు ఎప్పటికీ తెలియదు. వాళ్లకి దణ్ణం పెట్టుకోని రోజు లేదు.

మందు దాడిని ఆపుతుంది. పొరని తిరిగి చుట్టేది మాత్రం ష్వాన్ కణాలే. శిథిలాలు ఎత్తిపోసి, విభజన చెంది, కొత్తగా చుట్టుకుంటాయి. ఇన్నేళ్లు ఈ ఒంట్లో ఉండి వాటి పేరైనా వినలేదని బాధేసింది. నాలుగో వారం బొటనవేలు కదిలింది. రెండో నెలలో వాకర్, ఐదో నెలలో చేతికర్ర. కొత్త చుట్టలు పాతవాటికంటే పొట్టిగా, పలుచగా ఉంటాయట, అందుకే బలం వచ్చాక కూడా వేగం పూర్తిగా రాకపోవచ్చు. ఎడమ పాదంలో మాత్రం చుట్టలే కాదు, లోపలి తీగలు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అవి రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి. అక్కడ తిమ్మిరి ఇంకా ఉంది. సాయంత్రానికి ఒళ్లు తెలియని అలసట కూడా.

మొన్న పదో నెల చెకప్. నా వేగం 38. డాక్టరుగారు అదే ట్యూనింగ్ ఫోర్క్ తీసి కుడి చీలమండ మీద పెట్టారు.

చల్లగా తగిలింది. దాని వెనకే, ఎక్కడో దూరంగా తుమ్మెద రొదలా, సన్నగా అదురు.

"ఆగినప్పుడు చెప్పండి" అన్నారు. చాలాసేపు ఆగలేదు.